తగ్గిన బరువు నిలవాలంటే...

ఊబకాయంతో నా వద్దకు వచ్చిన రోగి మొదట నా పొట్ట వైపు, ఆ తరువాత నా ముఖం వైపు చూసేవాడు. నోటితో ఏమీ అనకపోయినా ఆ చూపులోని ప్రశ్న నాకు అర్థమయ్యేది. కోటలో ముప్ఫై ఏళ్ళుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నాను. త్రిఫల, త్రికటు, గుగ్గులు, తిప్పతీగ... మేదస్సును హరిస్తాయని శాస్త్రం చెప్పిన ద్రవ్యాలన్నీ నా కుర్చీ వెనుక అలమరలోనే ఉండేవి. అయినప్పటికీ 2021 వానకాలం నాటికి నా బరువు 91 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 108 సెంటీమీటర్లు. మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.3 వచ్చింది. అంటే మధుమేహపు గడప మీద నిలబడి ఉన్నానన్నమాట.

మా నాన్నగారు కూడా వైద్యులే. మధుమేహం ముదిరి చివరి రోజుల్లో కుడి పాదం పోగొట్టుకున్నారు. ఆ పుండుకు కట్టు కట్టినవాణ్ణి నేనే. కాబట్టి 6.3 అనే అంకెను చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పనక్కరలేదు.

పాఠకులు ఒక విషయం గమనించాలి. నాకు బరువు తగ్గడం తెలియక కాదు. అంతకు ముందే నాలుగుసార్లు తగ్గాను. ప్రతిసారీ ఆరేడు కిలోలు పోయేవి, బంధువులు మెచ్చుకునేవారు, ఏడాది తిరిగేసరికి పోయినవన్నీ మరొక కిలోను వెంటబెట్టుకుని తిరిగి వచ్చేవి. స్థూలకాయంతో బాధపడే గృహస్థులు, గృహిణులు పదిమందిని అడిగి చూడండి, సగానికి పైగా ఇదే కథ చెబుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 36 శాతం మంది, పురుషులలో 31 శాతం మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. వీరిలో పథ్యం తెలియనివారు ఎందరు? తెలిసీ నిలుపుకోలేనివారే అధికం.

మూడో వడ్డన

ఆ శ్రావణమాసంలో మా చెల్లెలి కూతురు ఇంటికి వచ్చింది. చెన్నైలో ఒక ఆసుపత్రిలో మనస్తత్వ చికిత్స చేస్తుంది. ఆ రోజు మా ఇంట బొమ్మిడాయిల పులుసు. (2022లో జిల్లాలను విభజించి కోటను తిరుపతి జిల్లాలో చేర్చారు. జిల్లా ఏదైతేనేమి, పులుసు నెల్లూరుదే.) నేను మూడోసారి అన్నం పెట్టించుకోవడం చూసి ఆ అమ్మాయి మెల్లగా అడిగింది.

"మామయ్యా, ఈ మూడో వడ్డన ఆకలేసి పెట్టించుకున్నారా?"

"ఆకలికి కాదులే అమ్మా. చాలంటే మీ అత్తయ్య నొచ్చుకుంటుంది."

"నొచ్చుకుంటానని అత్తయ్య చెప్పిందా?"

నేను జవాబు వెతుక్కునేలోగా వంటింట్లో నుంచి నా భార్య అందుకుంది: "నేనెప్పుడన్నానండీ ఆ మాట? గిన్నెలో మిగిలింది చూసి మీరే అడిగి వేయించుకుంటారు కదా!"

ముగ్గురమూ నవ్వుకున్నాము. కాని నాకు ఆ మధ్యాహ్నం ఒక సంగతి బోధపడింది. ఇరవై ఏళ్ళుగా నేను మూడో వడ్డన తిన్నది ఒక తలపు వల్ల. ఆ తలపు నిజమో కాదో నేను ఒక్కసారైనా పరీక్షించలేదు. రోగి నాడిని పట్టి చూసేవాణ్ణి, నా తలపును మాత్రం చూసుకోలేదు.

మా మేనకోడలు చెప్పిన చికిత్స పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. తెలుగులో ఆలోచన–ప్రవర్తన చికిత్స అనుకోవచ్చు. 1960వ దశకంలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు దిగులు వ్యాధితో బాధపడేవారికి దీనిని రూపొందించాడు. ఆయన 2021 నవంబరులో నూరేళ్ళ వయసులో కన్నుమూశాడు. మనకు బాధ కలిగించేది సంఘటన ఒక్కటే కాదు, దానిని గురించి మెరుపులా మనసులో మెదిలే తలపు కూడా అని ఆయన కనిపెట్టాడు. ఆ తలపును పట్టుకుని, కాగితం మీద పెట్టి, నిజానిజాలు విచారించడం నేర్పితే రోగి నడవడి మారుతుంది. ఆయన కుమార్తె జూడిత్ బెక్ ఈ పద్ధతిని బరువు తగ్గదలచినవారికి అన్వయిస్తూ 2007లో ఒక గ్రంథం వెలువరించారు.

అంతకు చాలాముందే ఈ సమస్య వైద్యులకు తెలుసు. 1959లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే వైద్యుడు న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రికి ఊబకాయ చికిత్సకై వచ్చిన నూరుగురి సంగతి ప్రకటించాడు. వారిలో 20 పౌండ్లు, అంటే 9 కిలోలు, తగ్గినవారు 12 మంది. రెండేళ్ళ తరువాత ఆ తగ్గుదలను నిలుపుకున్నవారు ఇద్దరే! 1967లో రిచర్డ్ స్టువర్ట్ అనే ఆయన ఎనిమిది మంది స్త్రీలకు పథ్యం పట్టీ ఇచ్చి ఊరుకోకుండా తినే తీరును మార్చడం నేర్పాడు. ఒకేచోట కూర్చుని తినడం, తినేటప్పుడు మరే పనీ చేయకపోవడం, ముద్దకూ ముద్దకూ మధ్య ఆగడం, తిన్నదంతా వ్రాసుకోవడం. ఏడాదిలో వారు 12 నుంచి 21 కిలోల వరకు తగ్గారు.

చరకుడు చూపిన దిక్కు

ఆయుర్వేదం చదివినవానికి ఇదంతా పూర్తిగా కొత్త కాదు. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థౌల్యానికి కారణాలు చెబుతూ మహర్షి అతిభోజనం, వ్యాయామం లేకపోవడం, పగటి నిద్రతో పాటు చింత లేకపోవడాన్ని కూడా చేర్చాడు. చికిత్సలో ఆలోచించడాన్ని కూడా ఒక ఉపాయంగా చెప్పాడు. 11వ అధ్యాయంలో మూడు విధాల చికిత్సలను పేర్కొంటూ మూడవదానికి సత్త్వావజయం అని పేరు పెట్టాడు. అహితమైన విషయాల నుంచి మనసును మరల్చి నిలపడమే అది. ధీ, ధృతి, స్మృతి ఈ మూడూ తప్పినవాడు తనకు హాని అని తెలిసిన పనినే చేస్తాడని, దానినే ప్రజ్ఞాపరాధమని మరొకచోట వివరించాడు. మధుమేహం ఉన్న వైద్యుడు జిలేబీ తినడాన్ని ఇంతకన్న చక్కగా వర్ణించినవారు లేరు.

అయితే, ఇవన్నీ మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారని గొప్పలు పోవడం నాకు సమ్మతం కాదు. చరకుడు దిక్కు చూపాడు. ఏ మెట్టు తరువాత ఏ మెట్టు ఎక్కాలో, ఎక్కినవారిలో ఎందరు నిలిచారో లెక్కగట్టి చూపినవారు ఆధునికులు. నాకు రెండూ కావలసి వచ్చాయి.

రొయ్యల గుంట లెక్క

మా మేనకోడలు నా చేతికిచ్చిన మొదటి మందు ఒక నోటు పుస్తకం. తిన్నది, తాగినది, వేళ, ఆకలి ఉన్నదా లేదా, తినబోయే ముందు మనసులో మెదిలిన మాట, ఇవి వెంటనే వ్రాయాలి. రాత్రి కూర్చుని జ్ఞాపకం తెచ్చుకుని వ్రాస్తే పనికిరాదు, మనసు తన తప్పులు తానే కొట్టివేస్తుంది. "ఇది చిన్నపిల్లల పని" అని నాకు మొదట చిరాకు వేసింది.

ఆ చిరాకును పోగొట్టినవాడు నా రోగి ఒకాయన. సముద్రం వైపు రొయ్యల గుంటలు సాగు చేస్తాడు, 104 కిలోల మనిషి. మా ప్రాంతంలో వనామీ రొయ్య పెంచేవారు మేత వేసేటప్పుడు కొంత మేతను చెక్ ట్రేలో వేసి గుంటలోకి దించుతారు. రెండు గంటల తరువాత పైకి తీసి, మిగిలిందా లేదా చూసి, ఆ పూట మేతను పెంచాలో తగ్గించాలో పుస్తకంలో వ్రాసుకుంటారు. మేత ఎక్కువైతే అడుగున కుళ్ళి గుంట చెడిపోతుంది. ఆయన జేబులో ఆ పుస్తకం ఎప్పుడూ ఉంటుంది.

"అయ్యా, పొద్దున ఏం తిన్నారు?" అని అడిగాను.

"ఏదో, రెండు దోసెలు డాక్టరుగారూ. కారం దోసె. నాలుగేమో... గుర్తులేదు."

"నిన్న నాలుగో గుంటకు ఎంత మేత వేశారు?"

పుస్తకం తీయకుండానే కిలోలతో సహా చెప్పాడు. చెప్పి, తనే నవ్వాడు. "ఏంది డాక్టరుగారూ, రొయ్యకు రాసినట్టు నాకూ రాయమంటారా?"

ఆ రోజు నుంచి ఇద్దరమూ వ్రాయడం మొదలుపెట్టాము. నెలకోసారి ఒకరి పుస్తకం ఒకరు చూసేవాళ్ళం. వైద్యుడు రోగికి పుస్తకం చూపడమేమిటని ఇంట్లో ఎగతాళి చేశారు. కాని నాకు మేలు చేసినవాటిలో అది ముఖ్యమైనది.

పది రోజులు వ్రాసేసరికి నా బండారం బయటపడింది. ఉదయం, మధ్యాహ్నం నేను తినేది మరీ ఎక్కువేమీ కాదు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిది వరకు ఉండేది అసలు కథ. ఆఖరి రోగి వెళ్ళగానే బజారు నుంచి పునుగులో, మిరపకాయ బజ్జీలో వచ్చేవి. ఆ సమయానికి ఎదురుగా "ఆకలి: లేదు" అని పదిలో ఎనిమిది రోజులు నా చేతివ్రాతే ఉంది. పక్కన వ్రాసిన తలపు: "దినమంతా కష్టపడ్డాను, ఈ మాత్రం సుఖం నాకు వద్దా?"

మనసుకు జవాబు

చికిత్సలో ఇదే ముఖ్యమైన ఘట్టం కనుక కొంత విపులంగా చెబుతాను. తలపును తిట్టకూడదు, అణచకూడదు. దానిని ఒక సాక్షిలాగా ప్రశ్నించాలి. ఇది నిజమేనా? నిదర్శనం ఏమిటి? ఇదే మాట నా స్నేహితుడు అంటే నేనేమి చెబుతాను? ఇలా విచారించి, జవాబును ఒక చీటీ మీద వ్రాసి అలమర తలుపుకు అంటించుకోవాలి. తలపు వచ్చిన క్షణంలో జవాబు తట్టదు కాబట్టి ముందుగానే వ్రాసి ఉంచుకోవాలి.

"సుఖం నాకు వద్దా?" అన్న దానికి నేను వ్రాసుకున్న జవాబు: "కావాలి. కాని బజ్జీ తిన్న పది నిమిషాలకు నాకు కలిగేది సుఖం కాదు, త్రేన్పు. నాకు కావలసింది కూర్చోవడం." అప్పటి నుంచి ఆఖరి రోగి వెళ్ళాక వీధి అరుగు మీద పావుగంట ఊరికే కూర్చుంటున్నాను. కోరిక అలలాంటిది. లేస్తుంది, పెరుగుతుంది, విరుగుతుంది. గడియారం పెట్టుకుని చూశాను, నా మటుకు పావుగంటకు మించి ఏ కోరికా నిలవలేదు.

నా వద్దకు వచ్చే గృహిణుల పుస్తకాలలో ఎక్కువగా కనిపించే తలపు వేరు: "అన్నం పారేస్తే పాపం." పిల్లలు విడిచిన రెండు ముద్దలు, గిన్నె అడుగున మిగిలిన పప్పు, రాత్రి మిగిలిన ఇడ్లీ, ఇవన్నీ ఇల్లాలి పొట్టలోకే పోతాయి. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. రోజూ పిడికెడు అన్నం అదనంగా తింటే ఏడాదికి ఎంతవుతుందో ఊహించవచ్చు. ఒక తల్లి వ్రాసుకున్న జవాబు నాకు ఎంతో నచ్చింది: "అన్నం నా కడుపులో పారేసినా పారేసినట్టే. రేపు గుప్పెడు బియ్యం తక్కువ పోస్తాను." ఆమె ఇంట్లో ఇప్పుడు బియ్యం కొలిచే డబ్బా చిన్నదైంది.

పద్ధతులు మార్చేటప్పుడు ఒక్కసారిగా అన్నీ మానవద్దు. అలవాటైన అహితాన్ని నాలుగో వంతు చొప్పున, మధ్యలో రోజుల వ్యవధి ఇస్తూ విడవాలని చరకుడు సూత్రస్థానం 7వ అధ్యాయంలో చెప్పాడు. నేను బజ్జీలను నాలుగు నుంచి మూడుకు, పది రోజుల తరువాత రెండుకు, అలా తగ్గించాను. ఇంట్లో వడ్డన గిన్నెలు బల్ల మీదికి రాకుండా వంటింట్లోనే ఉంచాము. మూడో వడ్డన కావాలంటే లేచి వెళ్ళాలి. లేచేలోగా "ఆకలా, ఆశా?" అని అడుగుకోవడానికి సమయం దొరుకుతుంది.

అరిసెల సంక్రాంతి

2022 సంక్రాంతి నాటికి 84 కిలోలకు వచ్చాను. ఎక్కడకు వెళ్ళినా నా నడుము గురించే మాటలు. పండుగ మొదటినాడు రెండు అరిసెలు తిన్నాను. రెండోనాడు ఐదు. ఆ రాత్రి మనసు ఒక మాట అన్నది: "ఇక అంతా పోయింది." పోయినప్పుడు ఇక వ్రాయడం దేనికి? పుస్తకం బీరువాలో పడింది. శివరాత్రి నాటికి 88.

ఐదు అరిసెల వల్ల నాలుగు కిలోలు పెరగవు. పెంచింది ఆ మాట. మద్యం మానదలచినవారి మీద పరిశోధన చేసిన అలన్ మార్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జూడిత్ గోర్డన్‌తో కలిసి 1985లో ప్రచురించిన గ్రంథంలో దీనినే వివరించాడు. కాలు జారడం వేరు, పడి లేవకపోవడం వేరు. ఒక గ్లాసు తాగినవాడు "నేనింతే" అనుకోవడం వల్ల సీసా పూర్తి చేస్తాడు.

మా మేనకోడలికి ఫోన్ చేసి సిగ్గుపడుతూ చెప్పాను. ఆ అమ్మాయి నన్ను ఓదార్చలేదు, మందలించలేదు. "మామయ్యా, బీరువాలోంచి పుస్తకం తీసి ఇవాళ మధ్యాహ్నం తిన్నది రాయండి. పాతవి రాయక్కర్లేదు" అంది. ఆ మధ్యాహ్నం వ్రాసిన ఒక్క పంక్తి నా మొత్తం చికిత్సలో అతి కష్టమైన పని. మరునాడు కొంత తేలికైంది. ఆ ఏడాది చివరికి 82కు చేరాను.

ఇక్కడ నిజం దాచకూడదు. ఈ చికిత్స నేర్చినవారందరికీ బరువు నిలుస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆక్స్‌ఫర్డ్‌లో జాఫ్రా కూపర్, క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ బృందం 150 మంది స్త్రీల మీద చేసి 2010లో ప్రకటించిన పరిశోధనలో, చికిత్స కాలంలో చక్కగా తగ్గినవారిలో అధికులు మూడేళ్ళలో తగ్గిన బరువును తిరిగి పొందారు. నెలల చికిత్స ముగిసి పుస్తకం మూసివేసిన తరువాత పాత జీవితం తిరిగి వచ్చిందన్నమాట. దీనికి భిన్నంగా, అమెరికాలో 5 వేల మందికి పైగా మధుమేహ రోగులపై 2001లో మొదలైన లుక్ అహెడ్ అధ్యయనంలో శిక్షకులతో సంబంధం తెగకుండా ఏళ్ళ తరబడి కొనసాగించారు. ఎనిమిదేళ్ళ తరువాత కూడా ఆ వర్గంలో సగం మంది తమ బరువులో 5 శాతమో అంతకు మించో తగ్గి నిలిచారు. నేనూ, రొయ్యల రైతూ నెలకోసారి పుస్తకాలు మార్చుకోవడం మానకపోవడానికి కారణం ఇదే. 2025లో మన దేశానికి వచ్చిన ఖరీదైన సూదిమందుల సంగతి అడుగుతున్నవారికి కూడా ఇదే చెబుతున్నాను. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలోపు, తగ్గిన దానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని 2022లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం తూకం చూసుకుంటాను. 84 నా గీత. అది దాటితే కారణం వ్రాసి, రెండు వారాలు సాయంత్రపు పుస్తకాన్ని మళ్ళీ మొదటి రోజుల మాదిరి కఠినంగా నడుపుతాను. 82 కిలోలతో కూడా పట్టికల ప్రకారం నేను స్థూలకాయుణ్ణే. మన దేశస్థులకు బీఎంఐ 25 దాటితే ఊబకాయమే, నాది 29. కాని హెచ్‌బీఏ1సీ 5.7కు దిగింది. శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితేనే ఎంతో మేలు జరుగుతుంది. పెళ్ళినాటి చొక్కా పట్టాలని పంతం పట్టినవారే త్వరగా విసిగి మానేస్తారు.

చూర్ణాల సంగతి

వైద్యుడనై ఉండి గృహ చికిత్స చెప్పకపోతే పాఠకులు ఒప్పుకోరు. ఉలవచారు పలుచగా కాచి భోజనానికి ముందు తాగితే ఆకలి శమిస్తుంది. వెన్న తీసిన పలుచని మజ్జిగలో అల్లం, కరివేపాకు వేసి సాయంత్రం ఆరు గంటలకు తాగితే బజ్జీల వేళ గడిచిపోతుంది, నాకు తోడ్పడింది అదే. రాత్రి అన్నానికి బదులు బార్లీ జావ మంచిది. త్రిఫల చూర్ణం మలశుద్ధికి వాడవచ్చు. కాని కూర్చున్నచోట కొవ్వును కరిగించే చూర్ణమేదీ నా అలమరలో లేదు, మరెవరి అలమరలోనూ లేదు.

మరొక్క మాట. మాకు పక్కనే గూడూరు నిమ్మతోటలు కనుక ఉదయాన్నే మరిగే నీళ్ళలో నిమ్మరసం, రెండు చెంచాల తేనె కలుపుకుని తాగడం ఇంటింటా అలవాటైంది. వేడితో తేనె సేవించడం ఆయుర్వేదంలో నిషిద్ధం. పైగా ఆ రెండు చెంచాలలో 120 కేలరీల దాకా ఉంటాయి. నిమ్మరసం తాగండి, తేనె మానండి.

నడక విషయంలో చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన పరిశోధన మనకు ధైర్యాన్నిస్తుంది. మధుమేహపు అంచున ఉన్న 531 మందిలో నడక, ఆహార నియమం పాటించినవారికి మూడేళ్ళలో వ్యాధి వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. విశేషమేమంటే వారి బరువు దాదాపు మారలేదు. కనుక తూకం కదలలేదని నడక మానకండి. నేను తెల్లవారుజామున విద్యానగర్ వైపు రోడ్డున నలభై నిమిషాలు నడుస్తాను.

ఇన్సులిన్ గాని, చక్కెర మాత్రలు గాని వాడేవారు వైద్యుని సలహా లేకుండా భోజనం తగ్గించరాదు, చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. గర్భిణులు, బాలింతలు ఈ ప్రయత్నం చేయవద్దు. బరువు అకారణంగా పెరిగితే ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. ఎవరూ లేనప్పుడు ఆపుకోలేనంతగా తినడం, తిన్నాక వాంతి చేసుకోవడం, తీవ్రమైన దిగులు ఉన్నవారికి పుస్తకం ఒక్కటే చాలదు. మనో వైద్యుని చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవలో 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

రొయ్యల రైతు ప్రస్తుతం 93 కిలోలు. పోయిన నెల ఆయన పుస్తకంలో ఒక వారమంతా ఖాళీగా ఉంది. "గుంటకు తెల్లమచ్చ తెగులొచ్చింది డాక్టరుగారూ, ఆ వారం ఏం తిన్నానో నాకే తెలీదు" అన్నాడు. ఎనిమిదో రోజు పేజీలో మాత్రం ఉదయం 7 గంటలు, ఇడ్లీ మూడు, ఆకలి ఉంది అని వ్రాసి ఉంది. నా పుస్తకంలో మొన్నటి ఆదివారం 84.3. కారణం: గూడూరులో పెళ్ళి, మలైకాజాలు రెండు. సోమవారం సాయంత్రం 6 గంటలు: మజ్జిగ ఒక గ్లాసు, ఆకలి లేదు.